తాతబండ గుర్తులు

మా ఊళ్ళో వేటకి బయలుదేరిన మగవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. పెళ్ళామైనా తల్లైనా అంతే. వల భుజాన వేసుకుని ఇసుకలోకి దిగినవాడు వెనక్కి తిరిగి చూడడు, వెళ్ళొస్తానని అనడు. అడిగితే ఆ రోజు పడవ ఖాళీగా వస్తుందంటారు. యేసుప్రభువుని నమ్ముకున్నవాళ్ళకి ఈ పట్టింపులేమిటని పాస్టరుగారు మా నాన్నని ఒకసారి నిలదీశారు. నాన్న ఆయనకి తట్టెడు కానాగంత చేపలు ఇచ్చి పంపించాడు గాని జవాబు మాత్రం ఇవ్వలేదు.

అందుకే మా అన్న సాలొమోను ఢిల్లీ నిజాముద్దీన్ స్టేషన్లో దిగి బయటికి రాగానే ఆటోవాడు “కహాఁ జానా హై, బాబా?” అనేసరికి అన్న మొహం మాడిపోయింది.

“ఈడేటే రెబ్కా, అడుగు బయటెట్టకుండానే ఎక్కడికని అడిగీసినాడు?”

“ఇక్కడ చెప్పకపోతే ఎక్కించుకోరన్నా. మునిర్కా, భయ్యా.”

“సెప్పీసినావు కూడాను. ఇంక నానొచ్చిన పని అయినట్టే.”

అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఇలాంటి మాటలు సరదాకి అన్నా నా లోపల పడి ఉండిపోతాయి.

అది రెండువేల ఏడు జనవరి. అన్న వచ్చిన పని తాతబండ గురించి.

తాతబండ అంటే మా ఊరికెదురుగా సముద్రం అడుగున ఉన్న రాతిదిబ్బ. మా తాత కనిపెట్టాడు కనక ఆ పేరు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, చుట్టూ ఉన్న నీళ్ళలాగే ఉంటుంది. కింద రాళ్ళ సందుల్లో నాచు, పీతలు, వాటికోసం వచ్చే చిన్న చేపలు, ఆ చిన్నవాటికోసం వచ్చే వంజరాలు. మరబోట్లు వచ్చి అడుగంతా ఊడ్చుకుపోయిన తర్వాత మా తీరంలో చేప గుడ్డు పెట్టుకోవడానికి మిగిలినవి అలాంటి రాళ్ళే.

బండ ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. సరిగ్గా ఎక్కడుందో మా పుట్టింటి పెద్దకొడుకులకే తెలుసు. నీళ్ళమీద గీత గీసి పెట్టుకోలేం కదా. ఒడ్డున ఉన్న గుర్తుల్ని బట్టి చోటు చూసుకుంటారు. ఒక చెట్టు వెనక ఒక కొండకొన వచ్చి నిలబడితే ఒక వరస. పక్కకి తిరిగి చూస్తే ఇంకో రెండు గుర్తులు కలిస్తే ఇంకో వరస. రెండు వరసలూ ఒక్కసారే కుదిరిన చోట గాలం వెయ్యాలి. ఆ గుర్తులు తండ్రి పోయేముందు పెద్దకొడుక్కి చెబుతాడు. ఆడపిల్లలకి చెప్పరు, ఇంకో ఇంటికి వెళ్ళి అక్కడ చెప్పేస్తామని భయం.

ఒడ్డున ఎవరైనా “ఏ దిక్కున పడ్డాయిరా?” అని అడిగితే ఒక తాడిచెట్టు పక్కకి జరిపి చెబుతారు. అడిగినవాడికీ తెలుసు, జరిపి చెప్పాడని. మా ఊళ్ళో దాన్ని అబద్ధం అనరు. అది మర్యాద.

ఊరికి కాస్త దూరంలో ఓడరేవు కడుతున్నారు. ఓడలు రావాలంటే అడుగు తవ్వాలి, తవ్విన బురద తీసుకెళ్ళి సముద్రంలోనే ఎక్కడో పొయ్యాలి. దానికి కంపెనీవాళ్ళు గీసుకున్న చోటు తాతబండకి దక్షిణంగా, దగ్గర్లోనే పడింది. బురద కొట్టుకొచ్చి బండమీద పడితే రాళ్ళ సందులన్నీ పూడిపోతాయి. ఆ తర్వాత అక్కడ చేప ఉండదు. ఢిల్లీలో ఒక కమిటీ ఆ చోటు ఖాయం చేస్తుందని, చేపలవాళ్ళ మాట కూడా వింటుందని తెలిసి ఊరి సంఘం అన్నని పంపింది. బండ ఆయన ఇంటిది. పైగా ఢిల్లీలో చెల్లెలుంది.

నేను ఢిల్లీలో నా కూతురు కెరెన్ దగ్గర ఉంటాను. అది ఒక ఆసుపత్రిలో నర్సు. మునిర్కాలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మా ఆయన రూబెన్ పోయాక వచ్చేశాను. పోయాడని అంటాను గాని నేను చూసింది మాత్రం ఒక పొద్దున వల భుజాన వేసుకుని వెళ్ళడమే. అలవాటు ప్రకారం నేను అడగలేదు. గాలి లేచాక పడవలు వెతకడానికి వెళ్ళాయి. ముందురోజు తోటివాళ్ళకి ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని వెతికాయి. అక్కడెందుకు ఉంటాడు? వాళ్ళింటి గుర్తులు వాళ్ళవి, ఆయనా మర్యాదకే చెప్పి ఉంటాడు. అప్పటినుంచి ఎవరు గడప దాటుతున్నా ‘ఎక్కడికి’ అన్న మాట నా గొంతుదాకా వస్తుంది. కెరెన్ డ్యూటీకి బయలుదేరినా సరే. “హాస్పిటల్‌కే మమ్మీ, రోజూ అక్కడికే కదా” అంటుంది అది, నేను నోరు తెరవకుండానే.

అన్న వచ్చిన రోజే గొడవ మొదలైంది. ఆయన తెచ్చిన ఎండుచేపల వాసన మెట్లదాకా వెళ్ళింది. కింద ఇంటామె తలుపు కొట్టి “ఆంటీజీ, కోయీ చూహా మర్ గయా క్యా?” అంది. అన్న ఏమిటందని అడిగాడు.

“ఎలక చచ్చిందా అంటోంది.”

“ఎలక కాదు, ఎండు సావిడాయ సేప అని సెప్పు. కావాలంటే ఒక ముక్క ఎట్టు.”

మునిర్కా సందుల్లో అన్నకి దారి తెలిసేది కాదు. తలెత్తితే కరెంటు తీగలు, వాటి మధ్య బెత్తెడు ఆకాశం. మొదటిరోజే టీ తాగడానికని దిగి తప్పిపోయాడు. రెండోరోజు మేడమీదికెక్కి అటూ ఇటూ చాలాసేపు చూశాడు. “ఆ యూనివర్సిటీ నీళ్ళ ట్యాంకు, ఈ సెల్‌ఫోను టవరూ ఒకదానెనక ఒకటి వస్తే మనింటి సందన్నమాట” అన్నాడు. ఆ తర్వాత తప్పిపోలేదు. పొగమంచు దిగిన రోజు మాత్రం గుమ్మం దాటేవాడు కాదు.

మేడమీది గదిలో భరద్వాజ్ ఉండేవాడు. హైదరాబాదు కుర్రాడు, గుర్గావ్‌లో కంప్యూటర్ల మీద మ్యాపులు తయారుచేసే ఉద్యోగం. చేప తినడు, కాని ఆదివారం మా ఇంట్లో పప్పుచారన్నం తినేవాడు. తాతబండ సంగతి విని తనే ముందుకొచ్చాడు.

“అంకుల్, కమిటీకి మాటలు చాలవు. మ్యాప్ మీద చూపించాలి. మీ బండ ఎక్కడుందో ఒక్క పాయింట్ చెప్పండి, నేను పెట్టేస్తా. దాని చుట్టూ ఎవరూ ఏమీ పొయ్యకూడదని అడుగుదాం.”

ఆ ఆదివారం మధ్యాహ్నం మేడమీద ఎండలో చాప వేసి కూర్చున్నారు. భరద్వాజ్ ఒళ్ళో కంప్యూటరు తెరిచాడు. అందులో మా ఊరు పైనుంచి, ఆకాశంలోంచి చూసినట్టు కనబడింది. చర్చి కప్పు, ఉప్పు గిడ్డంగి, ఇసుకలో వరసగా పడవలు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మా ఇల్లు వెతికాను. అక్కడ నీళ్ళున్నాయి. సముద్రం లోపలికొచ్చి మా వీధిని తీసుకుపోయిందని విన్నాను గాని, చూడటం అదే మొదలు.

“గుర్తులు చెప్పండి అంకుల్.”

అన్న బీడీ ఆర్పాడు. “చర్చి మీద సిలువ ఉన్నాది గదా. అది రాయికోసం కొండని కొట్టీసిన సోట తెల్లమచ్చ మీదికి రావాల. ఇటేపు ఉప్పు గిడ్డంగి కప్పు చివర ఒంటి తాడి నిలబడాల. రెండూ కుదిరితే అదే సోటు.”

మా ఇంట్లో పుట్టి, అరవై దాటి, ఆ గుర్తులు మొదటిసారి విన్నాను. అంత సులువుగా చెప్పేస్తాడనుకోలేదు. ఊరికోసం ఇంటి గుట్టు బయటపెట్టాడని కళ్ళు చెమర్చాయి. నా చేతిలో టీ ఒలికిపోతుందేమో, కంప్యూటరు మీద పడుతుందేమో అన్న గాభరాలో ఉండి ఇంకేమీ ఆలోచించలేదు.

భరద్వాజ్ రెండు గీతలు గీశాడు. అవి కలిసిన చోట ఎర్రచుక్క పెట్టాడు. “చూడండి! కరెక్ట్‌గా వాళ్ళు బురదకి గీసుకున్న డంపింగ్ పెట్టెలోనే ఉంది. దీన్ని చూశాక ఎవడు కాదంటాడు?”

“అవును, అందులోనే” అన్నాడు అన్న.

కమిటీ ముందుకి భరద్వాజ్ సెలవు పెట్టి మరీ అన్నతో వెళ్ళాడు. అన్నకి కెరెన్ ఒక కోటు తెచ్చింది, ఆసుపత్రిలో ఎవరో డాక్టరుగారిది. చేతులు పొడుగై వేళ్ళు కనబడలేదు. సాయంత్రం తిరిగొచ్చి, బాగానే విన్నారు, చుక్క చూసి తలలూపారు అని చెప్పారు. ఊళ్ళో అన్న కొడుకు లెవికి ఫోను చేశాం. అక్కడ చర్చిలో స్తుతి ప్రార్థన పెట్టారు.

వారం గడిచాక భరద్వాజ్ జిలేబీ పొట్లంతో మెట్లు దిగాడు.

“గెలిచాం అంకుల్! ఆ పెట్టె తీసేశారు. మీరు చెప్పిన పాయింట్ చుట్టూ మైలు దూరం ఎవరూ ముట్టుకోకూడదన్నారు.”

కెరెన్ ఒక జిలేబీ తీసి అన్న నోట్లో పెట్టింది. “మావయ్యా, ఢిల్లీని గెలిచేశావు. అబ్ తో పార్టీ!”

అన్న నములుతూ అడిగాడు. “మరి బురద ఎక్కడ పోస్తారంట?”

“కొంచెం ఉత్తరానికి జరిపారు. అక్కడ ఇసుకే, ఏమీ లేదని కంపెనీ రిపోర్ట్‌లో ఉంది.” భరద్వాజ్ మ్యాపు తెరిచి కొత్త పెట్టె చూపించాడు.

అన్న నమలడం ఆగిపోయింది. మ్యాపు మీదికి వంగాడు. చర్చి మీద వేలు పెట్టి మెల్లగా కొండవైపు జరిపాడు. ఇంకో వేలు గిడ్డంగి దగ్గర పెట్టాడు. రెండు వేళ్ళూ నీళ్ళలోకి నడిచి ఆ కొత్త పెట్టె నడిమధ్యన కలిశాయి. ఆ వేళ్ళు అక్కడినుంచి ఎంతకీ లేవలేదు.

“ఏమైందన్నా?”

“అదే” అన్నాడు.

“అదే ఏంటి మావయ్యా?”

“తాతబండ అదే. నాను సెప్పింది కాదు. ఇది.”

కింద సందులో కూరగాయల బండివాడు మటర్, మటర్ అని అరుస్తూ వెళ్తున్నాడు.

“మీరు నాకు తప్పు పాయింట్ చెప్పారా?” భరద్వాజ్ గొంతు చిన్నబోయింది. “నన్ను నమ్మలేదా అంకుల్?”

“నిన్ను నమ్మకపోడం కాదు బాబూ. గుర్తు ఎవులికీ సెప్పం. నా తోడబుట్టిన తమ్ముడు పోయినాడు, ఆడికే సెప్పలేదు. నువ్వు ఎట్టింది మ్యాపులో. మ్యాపు అందరూ సూస్తారు. రేపు పెద్దబోట్లోళ్ళు సూస్తే సుట్టూ వలకట్టి తుడిసీరా? ఆ పెట్టెలోనే బండ ఉన్నాదంటే పెట్టె తీసేస్తారు, బండ సోటు ఎవులికీ తెలీదు, రెండు పనులూ అయిపోతాయనుకున్నాను.”

“మీరు అన్న చోట ఏముంది మరి?”

“ఏటీ లేదు. ఇసుక.”

కెరెన్‌కి కోపం వచ్చింది. “అంటే ఇసుకని కాపాడి బండమీద బురద పోయిస్తున్నామా? వాహ్ మావయ్యా! వాళ్ళు పోస్తామన్న చోట పోయనిచ్చినా ఇంత నష్టం ఉండేది కాదు కదా!”

అన్న జిలేబీ ముక్క నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. పాకం మణికట్టుదాకా కారింది. నేను తడిగుడ్డ తెచ్చి తుడిచాను. చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి తుడుస్తుంటే ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

మళ్ళీ కమిటీ దగ్గరికి వెళ్ళడానికి భరద్వాజ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గాని అన్నతో మునుపటిలా మాట్లాడలేదు. ఈసారి నేనూ వెళ్ళాను. అన్నని ఒక్కణ్ణి పంపాలనిపించలేదు. ఆ రోజు పొగమంచు ముందు నడిచే మనిషి వీపు కూడా కనబడనంతగా ఉంది. బ్లూలైన్ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. ఎదురుగా ఏ వస్తువూ లేని తెల్లదనంలోకి అన్న కళ్ళు చికిలించి చూస్తూ కూర్చున్నాడు.

పెద్ద బల్ల చుట్టూ కమిటీ వాళ్ళున్నారు. మాకు మధ్యలో కాసేపు సమయమిచ్చారు. భరద్వాజ్ కొత్త చుక్క చూపించి చెప్పాడు. మధ్యలో కూర్చున్న పెద్దాయన నెమ్మదైన మనిషి, అన్నకి ముందు నీళ్ళు ఇప్పించాడు. తర్వాత హిందీలో అడిగాడు, నాకు అర్థమైంది.

“బాబా, పోయినసారి బండ దక్షిణాన ఉందన్నారు. మీ మాటమీద మేం మార్చాం. ఇప్పుడు ఉత్తరాన ఉందంటున్నారు. ఇంకోచోటికి మారిస్తే అక్కడా ఒకటి లేస్తుందా?”

కంపెనీ తరఫున వచ్చిన అతను నవ్వాడు. “వీళ్ళ బండకి కాళ్ళున్నాయి సార్.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. “మొదటిసారి అలా ఎందుకు చెప్పారు?” అని అన్ననే అడిగాడు.

అన్న లేచి నిలబడ్డాడు. కోటు చేతులు కిందికి వేలాడుతున్నాయి. “అయ్యా, అది నాను మర్యాదకి సెప్పినాను.”

ఆ ముక్క హిందీలో ఎలా చెప్పాలో భరద్వాజ్‌కి తోచలేదు. నా వైపు చూశాడు. నాకూ రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. చివరికి అతను తల దించుకుని “ఝూఠ్ బోలా థా, సర్” అన్నాడు.

అన్నకి హిందీ రాదు. కాని అబద్ధమన్న మాట ఏ భాషలో చెప్పినా మనుషుల మొహాల్లో తెలిసిపోతుంది. కూర్చున్నాడు.

నీళ్ళలోకి మనిషిని దింపి చూడమని భరద్వాజ్ అడిగాడు. నిర్ణయం అయిపోయిందని, ప్రతి రెండు వారాలకీ బండ మారుతుంటే ఏ పనీ సాగదని, అయినా పరిశీలిస్తామని అన్నారు. తలుపు దగ్గర పెద్దాయన అన్న భుజంమీద చెయ్యి వేశాడు. దానితో నాకు ఉన్న కాస్త ఆశా పోయింది. ఏమైనా చేసేవాళ్ళు చేస్తామంటారు, భుజంమీద చెయ్యి వెయ్యరు.

అన్న వెళ్ళిపోయే రోజు నిజాముద్దీన్‌లో విశాఖ బండి మంచువల్ల ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద ఇనప బెంచీపై ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. భరద్వాజ్ రాలేదు. గుర్గావ్‌లో పని ఉందన్నాడు. కెరెన్ డ్యూటీకి వెళ్తూ పూరీలు కట్టిచ్చింది.

“ఊళ్ళో ఏటని సెప్పాల?” అన్నాడు అన్న.

నేను దుప్పటి ఆయన మోకాళ్ళమీదికి లాగాను.

“ప్రార్థన కూడా ఎట్టీసినారు గదా.”

“లెవికి ముందు చెప్పు. వాడు అర్థం చేసుకుంటాడు.”

“ఆడికి ఇంకా గుర్తులు సెప్పలేదే. పోయేముందు సెప్దామనుకున్నాను. ఇప్పుడు సెప్పి ఏటి సేసుకుంటాడు?”

బండి వచ్చింది. అన్న రైలుపెట్టె ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. వీడ్కోలు నాకు చేతకాని పని. చెయ్యి ఊపితే అదే చివరిదవుతుందనిపిస్తుంది. ఊపకపోతే ఊపలేదే అని తర్వాత ఏళ్ళతరబడి తినేస్తుంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. రూబెన్ ఇసుకలోకి దిగిన పొద్దు గుర్తొచ్చింది. బండి ఒక్క కుదుపు కుదిపింది.

“ఎక్కడికన్నా?” అన్నాను.

అడిగేశాక నాకే భయమేసింది. అన్న మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా వేళ్ళమీద తన వేళ్ళు వేశాడు.

“సిలువ కొండమీద రెండు బండల సందులోకి రావాల” అన్నాడు. “మచ్చ మీదికి కాదు. సందులోకి. గిడ్డంగి కప్పు చివర తాడి కాదు, దానెనక వెలుగుస్తంభం. ఇన్నావా? రెండు బండల సందు. వెలుగుస్తంభం.”

బండి కదిలింది. నేను పక్కనే నడిచాను. అన్న ఇంకోసారి చెప్పాడు, నేను మర్చిపోతానేమోనని. తర్వాత మంచులో కిటికీ ఏదో తెలియలేదు. ఎర్రదీపం కొంతసేపు కనబడింది, అదీ పోయింది.

ఎండాకాలంలో లెవి ఫోను చేశాడు. బురద పడవలు వచ్చాయట. రోజూ ఒకేచోట ఆగి కిందికి వదిలేసి వెళ్తున్నాయట. నీళ్ళు టీ రంగుకి తిరిగాయట. మొదట్లో అన్న ఒక్కడే పడవేసుకుని వెళ్ళి గాలం వేశాడట. గాలానికి బూడిదరంగు జిగురు తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఆయన వెళ్ళడం మానేశాడు. ఒడ్డున కూర్చుంటే సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడట.

“నాన్న మీకేటైనా సెప్పినాడా అత్తా? నాతో మాటాడట్లేదు.”

గుర్తులు నోటిదాకా వచ్చాయి. తండ్రి కొడుక్కి చెప్పాల్సిన మాట నేనెలా చెప్పను? “పూరీలు తిన్నాడా అని అడిగానని చెప్పు” అన్నాను. ఎప్పటి పూరీలు! ఫోను పెట్టేశాక నాకే సిగ్గేసింది.

తర్వాత సంవత్సరం అన్న పోయాడు. నేను వెళ్ళేసరికి సమాధిమీద మట్టి కూడా ఆరిపోయింది. లెవి పడవ అమ్మేసి ఓడరేవులో కాపలా పనికి కుదిరాడు. ఆ సాయంత్రం వాడికి గుర్తులు చెప్పాను. వాడు విని, తల ఊపి, “డ్యూటీకి టైమైందత్తా” అని లేచాడు. ఎక్కడికని అడగక్కర్లేదు, ఒంటిమీద యూనిఫారం ఉంది.

భరద్వాజ్ ఇల్లు మారిపోయాడు. మేడమీద ఇప్పుడు వేరే కుర్రాళ్ళున్నారు. బట్టలు ఆరేస్తూ నేను ఒక్కోసారి ట్యాంకు వెనక టవరు వచ్చేదాకా జరిగి నిలబడతాను. కాళ్ళకింద మా ఇల్లే ఉంటుంది. అంతమాత్రానికి కూడా గుండె కుదుటపడదు.

మా ఇంట్లో ఇంక దాచుకోవలసింది ఏమీ లేదు. అటు వెళ్ళేవాళ్ళెవరైనా చూసుకోవచ్చు. చర్చి సిలువ కొండమీద రెండు బండల సందులోకి రావాలి. ఉప్పు గిడ్డంగి కప్పు చివర వెలుగుస్తంభం నిలబడాలి. రెండూ కుదిరిన చోట పడవ ఆపి గాలం వెయ్యండి. బురద వస్తుంది. అదే మా తాతబండ.